తుంటికీలు అరుగుదలలో రక్త, కీలుద్రవ జీవరసాయన సూచికలు: కొయ్యూరు మన్యం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆస్టియో ఆర్థరైటిస్ అనే కీళ్ళ అరుగుదల వ్యాధిలో మృదులాస్థి, ఎముక, కీలుపొర విచ్ఛిన్నమయ్యే క్రమంలో కొన్ని అణుశకలాలు కీలుద్రవంలోకీ, అక్కడినుండి రక్తంలోకీ, మూత్రంలోకీ చేరుతాయి. వీటినే జీవరసాయన సూచికలు అంటున్నాం. తుంటికీలుకు సంబంధించి ఈ సూచికలపై వచ్చిన ప్రధాన అధ్యయనాలు ఎక్కువగా ఐరోపాలో, నడివయసు దాటినవారిపై జరిగాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొయ్యూరు వంటి గిరిజన ప్రాంతంలో తుంటికీలు దెబ్బతినడానికి కొడవలి కణ వ్యాధి ఒక ముఖ్య కారణం కాగలదు. ఆ వ్యాధి సూచికల విలువలను స్వయంగా మారుస్తుంది. కనుక ఇక్కడ మృదులాస్థి సూచికలకంటే ముందు హిమోగ్లోబిన్ రకాన్ని తెలుసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తుంటికీలు, ఆస్టియో ఆర్థరైటిస్, జీవరసాయన సూచికలు, కీలుద్రవం, కొడవలి కణ వ్యాధి, అస్థి నిర్జీవత, కొయ్యూరు, మన్యం.

1. ఉపోద్ఘాతం

1924 మే 7న అల్లూరి సీతారామరాజు ప్రాణాలు కోల్పోయిన నేలగా కొయ్యూరు తెలుగువారందరికీ పరిచితమే. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. దీనికి సమీపంలోని పెద్ద పట్టణమైన నర్సీపట్నం అదే రోజున ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఉంది. కొత్త జిల్లా మన్యంలో బగత, కొండదొర, కొండకమ్మర, వాల్మీకి, కోందు, గదబ, పోర్జ మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. కొండవాలు సేద్యం, అటవీ ఫలసేకరణ, బరువులు మోస్తూ ఎక్కి దిగే నడక, గొంతుకూర్చొని చేసే పనులు ఇక్కడి జీవనంలో భాగాలు. ఈ పనులన్నింటికీ ఆధారం తుంటికీలు.

ఒక ఉదాహరణను ఊహిద్దాం. ఇరవై రెండేళ్ళ యువకుడు గజ్జలో నొప్పితో కుంటుతూ వైద్యుని వద్దకు వచ్చాడు. గొంతుకూర్చోలేకపోతున్నాడు, తొడను లోపలివైపు తిప్పలేకపోతున్నాడు. ఎక్స్‌రేలో కీలు మధ్య ఖాళీ తగ్గింది, ఎముక అంచులు మొలిచాయి. చిత్రాన్ని మాత్రమే చూస్తే అది అరుగుదలే. కాని అరుగుదల సాధారణంగా నడివయసు దాటాక కనిపించే వ్యాధి. ఇరవై రెండేళ్ళకే కీలు ఎందుకు అరిగింది? ఈ ప్రశ్నకు రక్తమూ కీలుద్రవమూ ఎంతవరకు సమాధానం చెప్పగలవు? ఏ పరీక్షను ముందు అడగాలి? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. తుంటికీలు నిర్మాణం - అరుగుదల స్వభావం

తొడ ఎముక శిరస్సు బంతివలె ఉండి, కటివలయంలోని శ్రోణి ఉలూఖలం అనే గుంటలో అమరి ఉంటుంది. ఈ రెండు ఉపరితలాలనూ కప్పి ఉండే నునుపైన పొర మృదులాస్థి. దానిలో అధికభాగం నీరు. ఆ నీటిని పట్టి ఉంచేది ఆగ్రికాన్ అనే పెద్ద అణువు. ఆకారాన్ని, తన్యబలాన్ని ఇచ్చేది రెండవ రకం కొల్లాజెన్. నీటిని పీల్చుకొని ఉబ్బాలనే ఆగ్రికాన్ ధోరణికీ, ఉబ్బనీయకుండా బిగించే కొల్లాజెన్ వలకూ మధ్య గల సమతూకమే మృదులాస్థికి బరువు మోసే శక్తినిస్తుంది.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. దాని కణాలకు ప్రధానంగా కీలుద్రవం నుండే పోషణ అందుతుంది. దీనికి భిన్నంగా తొడ ఎముక శిరస్సు బ్రతకడానికి రక్తనాళాలే ఆధారం. మెడభాగాన్ని అంటిపెట్టుకొని పైకి సాగే కొద్దిపాటి సన్నని నాళాల ద్వారానే ఆ శిరస్సుకు ముఖ్యమైన రక్తప్రసరణ అందుతుంది. అవి మూసుకుపోతే ప్రత్యామ్నాయ మార్గాలు స్వల్పం. కీలుకు ఒకవైపు ద్రవంతో బ్రతికే కణజాలం, దాని వెనుకనే రక్తంతో బ్రతికే కణజాలం ఉండడం ఈ వ్యాసంలో తరువాతి చర్చకు పునాది.

అరుగుదల అనే మాట వినగానే యంత్రభాగం అరిగినట్లు భావిస్తాం. నిజానికి ఇది కీలులోని జీవకణాలన్నీ పాల్గొనే ప్రక్రియ. మృదులాస్థి కణాలే ఆడామ్‌టీఎస్-4, ఆడామ్‌టీఎస్-5 అనే ఎంజైములను విడుదల చేసి ఆగ్రికాన్‌ను ఛేదిస్తాయి. ఎంఎంపీ-13 వంటి ఎంజైములు కొల్లాజెన్ వలను తెంచుతాయి. మృదులాస్థి కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది, కీలుపొర వాస్తుంది. తెగిన ప్రతి అణువూ ఒక శకలాన్ని వదులుతుంది. ఆ శకలాలను కొలిచి కీలు లోపలి స్థితిని అంచనా వేయడమే సూచికల పరిశోధన సారాంశం.

3. సూచికల వర్గీకరణ

ఎక్స్‌రే ఆధారంగా అరుగుదలను 0 నుండి 4 వరకు శ్రేణులుగా విభజించే కెల్‌గ్రెన్-లారెన్స్ పద్ధతి 1957లో వచ్చింది. నేటికీ అది వాడుకలో ఉంది. అయితే ఎక్స్‌రే ఇప్పటికే జరిగిన నష్టాన్ని చూపుతుంది. ఇప్పుడు జరుగుతున్న విచ్ఛిత్తి వేగాన్ని చూపలేదు. ఈ లోటును పూరించాలనే ఆశతోనే జీవరసాయన సూచికల అన్వేషణ సాగింది. 1985లో రక్తంలోని కెరటాన్ సల్ఫేట్‌ను మృదులాస్థి విచ్ఛిత్తికి గుర్తుగా కొలవవచ్చని ప్రతిపాదించడం ఈ మార్గంలో ఒక తొలి అడుగు.

సూచికల సంఖ్య పెరిగినకొద్దీ ఏది దేనికి పనికివస్తుందో స్పష్టం చేయవలసి వచ్చింది. 2006లో వెలువడిన 'బైపెడ్' వర్గీకరణ ఆ పని చేసింది. వ్యాధి భారాన్ని తెలిపేవి, ఇంకా పరిశోధన దశలో ఉన్నవి, భవిష్యత్ గతిని చెప్పేవి, చికిత్స ఫలితాన్ని తెలిపేవి, వ్యాధిని నిర్ధారించేవి అని అది సూచికలను ఐదుగా విభజించింది. తరువాత భద్రతకు సంబంధించిన ఆరవ వర్గం చేరింది. ఈ విభజన నేర్పే పాఠం ఒకటుంది. ఒక సూచిక జనసమూహంలో వ్యాధి ముదిరేవారి శాతాన్ని చక్కగా అంచనా వేయవచ్చు. అదే సూచిక ఎదుట కూర్చున్న ఒక్క రోగికి వ్యాధి ఉందో లేదో చెప్పలేకపోవచ్చు. గతిని చెప్పేదాన్ని నిర్ధారణ పరీక్షగా వాడడం తరచుగా జరిగే పొరపాటు.

4. రక్త, మూత్ర సూచికలు

4.1 కొల్లాజెన్ శకలాలు

రెండవ రకం కొల్లాజెన్ చివరిభాగం తెగినప్పుడు ఏర్పడే సీటీఎక్స్-2 అనే శకలాన్ని మూత్రంలో కొలుస్తారు. మూత్రం పలుచనా చిక్కనా అన్న తేడా ఫలితాన్ని మార్చకుండా ఆ విలువను క్రియాటినిన్‌తో భాగిస్తారు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో 1,235 మందిని పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సీటీఎక్స్-2 విలువ అత్యధికంగా ఉన్న నాలుగవ వంతులోని వారికి తుంటికీలు వ్యాధి ముదిరే అవకాశం అత్యల్ప వర్గంతో పోలిస్తే 8.4 రెట్లు ఉంది. మోకాలికి ఇదే సంఖ్య 6 రెట్లు. అధ్యయనంలో ఉన్నవారందరూ 55 ఏళ్ళు, అంతకు పైబడినవారు.

ఫ్రాన్స్‌లో జరిగిన ఎకోడియా ఔషధ పరిశోధనలో 507 మంది తుంటికీలు రోగులను మూడేళ్ళు పరిశీలించారు. వారిలో 333 మంది నమూనాలపై చేసిన విశ్లేషణ 2006లో వెలువడింది. ఆరంభంలో మూత్రపు సీటీఎక్స్-2, సీరంలోని హయలురోనిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారిలో కీలు నిర్మాణం మరింతగా చెడింది. మొదటిది మృదులాస్థి విచ్ఛిత్తికీ, రెండవది కీలుపొర వాపుకూ గుర్తులు. రెండు వేర్వేరు కణజాలాల సంకేతాలు కలిసినప్పుడు అంచనా బలపడుతుందన్నది దీని నుండి గ్రహించదగిన విషయం.

4.2 కాంప్

మృదులాస్థి మాతృకలో ఐదు గొలుసులు కలిసి ఏర్పడిన కాంప్ అనే ప్రోటీన్ ఉంటుంది. దీన్ని సీరంలోనూ, కీలుద్రవంలోనూ కొలవవచ్చు. తుంటికీలు రోగులపై 1998లో ప్రచురితమైన ఏడాదిపాటి అధ్యయనం సీరం కాంప్‌కూ కీలు ఖాళీ సన్నబడడానికీ సంబంధాన్ని సూచించింది. అయితే కాంప్ స్నాయుబంధాల్లోనూ, కీలుపొరలోనూ కూడా ఉంటుంది. వ్యాయామం తరువాత రక్తంలో దీని పరిమాణం పెరుగుతుంది, రాత్రి విశ్రాంతిలో తగ్గుతుంది. కొండ దిగి నాలుగు గంటలు నడిచి వచ్చిన వ్యక్తి నుండి వెంటనే తీసిన రక్తంలోని కాంప్, విశ్రాంతి తరువాత తీసిన రక్తంలోని కాంప్ ఒకటి కావు.

4.3 ఎముక, వాపు సూచికలు

మొదటి రకం కొల్లాజెన్ నుండి వచ్చే సీటీఎక్స్-1, ఎన్‌టీఎక్స్-1 ఎముక విచ్ఛిత్తిని తెలుపుతాయి. సీటీఎక్స్-1 ఆహారం తీసుకుంటే తగ్గుతుంది. కనుక ఉదయం పరగడుపున తీసిన నమూనానే ప్రామాణికం. సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి వాపును తెలుపుతాయి. అవి ఏ అవయవంలోని వాపుకైనా పెరుగుతాయి. అరుగుదలలో సీఆర్‌పీ పెరుగుదల స్వల్పం. అది బాగా పెరిగి ఉంటే ఇన్ఫెక్షన్‌నో, రుమటాయిడ్ వంటి ఇతర వ్యాధినో అనుమానించాలి.

4.4 ఉమ్మడి పరిమితులు

రక్తం, మూత్రం శరీరంలోని కీళ్ళన్నింటి సంకేతాలను కలిపి చూపుతాయి. తుంటి ఒక్కదానిదే అని వేరుచేయలేవు. వెన్నెముక డిస్కులు చెడినా సీటీఎక్స్-2 పెరుగుతుంది. రుతుక్రమం ఆగిన స్త్రీలలో పెరుగుతుంది. ఎదిగే పిల్లల్లో ఎముక చివరల్లోని పెరుగుదల ఫలకాల కారణంగా సహజంగానే ఎక్కువగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోనే 1,002 మందితో జరిగిన 'చెక్' అధ్యయనంలో సీటీఎక్స్-2 విలువలు ఎముక సూచికలతో పాటు కదలడం గమనించి, అది పూర్తిగా మృదులాస్థి నుండే వస్తున్నదా అన్న సందేహాన్ని పరిశోధకులు 2013లో లేవనెత్తారు. మోకాలిపై 600 మందితో అమెరికాలో జరిగిన సమగ్ర పరిశోధనలో సైతం అనేక సూచికలు వ్యాధి గతితో సంబంధం చూపినా, ఒక్కొక్కటిగా వాటి అంచనాశక్తి పరిమితంగానే తేలింది.

5. కీలుద్రవం

కీలుద్రవం రక్తం కంటే నేరుగా మాట్లాడుతుంది. శకలాలు ముందుగా చేరేది అందులోనే. పైగా అది ఆ ఒక్క కీలు స్థితినే తెలుపుతుంది. ఆరోగ్యవంతమైన కీలుద్రవం లేత పసుపు రంగులో, పారదర్శకంగా, వేళ్ళ మధ్య తీగసాగేంత జిగటగా ఉంటుంది. ఆ జిగటకు కారణం హయలురోనిక్ ఆమ్లం. అరుగుదలలో దాని సాంద్రతా, అణుపొడవూ తగ్గి ద్రవం పలుచబడుతుంది. ఉపరితలాలను జారుడుగా ఉంచే లూబ్రిసిన్ ప్రోటీన్ కూడా దెబ్బతింటుంది. ఆగ్రికాన్ శకలాలు, కాంప్, ఎంఎంపీ-3 వంటి ఎంజైములు, వాపును ప్రేరేపించే సైటోకైన్లు ద్రవంలో కనిపిస్తాయి.

సీరంలో హయలురోనిక్ ఆమ్లం పెరగడం వ్యాధికి గుర్తయితే, కీలుద్రవంలో అది తగ్గడం వ్యాధికి గుర్తు. వాచిన కీలుపొర నుండి ఆ అణువు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. కీలులోనేమో అది ముక్కలై, అదనపు నీటితో పలుచబడుతుంది. కాబట్టి ఒకే అణువును ఎక్కడ కొలిచారో చెప్పకుండా పెరిగిందనో తగ్గిందనో రాయడం అర్థరహితం.

తుంటికీలు ద్రవంతో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, మోకాలివలె ఇది చర్మానికి దగ్గరగా లేదు. కండరాల అడుగున, పెద్ద రక్తనాళాల పక్కన ఉంటుంది. అల్ట్రాసౌండ్ లేదా ఎక్స్‌రే తెర సహాయం లేకుండా సూది వేయడం క్షేమం కాదు. దొరికే ద్రవమూ తక్కువే. రెండవది, పరిశోధనల్లో ఉపయోగించిన తుంటి ద్రవం చాలావరకు కీలుమార్పిడి శస్త్రచికిత్స సమయంలో తీసినది, అంటే వ్యాధి చివరి దశది. తొలిదశ తుంటి ద్రవం, ఆరోగ్యవంతుల తుంటి ద్రవం పోలిక కోసం దొరకడం అరుదు.

అయినా కీలుద్రవ పరీక్ష తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. జ్వరంతో, హఠాత్తుగా పెరిగిన నొప్పితో తుంటి కదలలేని స్థితి వస్తే సూది వేసి ద్రవం తీయవలసిందే. అరుగుదలలో తెల్లకణాలు ఘనమిల్లీమీటరుకు సాధారణంగా 2,000 లోపు ఉంటాయి. చీము పట్టిన కీలులో అవి పదివేలు దాటి, తరచుగా యాభైవేలను మించుతాయి. గ్రామ్ రంజనం, కల్చర్ పరీక్షలు సూక్ష్మజీవిని గుర్తిస్తాయి. ఈ సాధారణ పరీక్షలకు నవీన సూచికలేవీ ప్రత్యామ్నాయం కావు.

6. కొయ్యూరు నేపథ్యం: కొడవలి కణ వ్యాధి - తుంటికీలు

పైన చెప్పిన ఐరోపా అధ్యయనాల్లోని రోగులు ప్రధానంగా వయసుతో వచ్చిన ప్రాథమిక అరుగుదల గలవారు. భారతదేశంలో తుంటికీలు పరిస్థితి వేరు. మోకాలి అరుగుదల ఇక్కడ సర్వసాధారణం కాగా, తుంటిలో ప్రాథమిక అరుగుదల పాశ్చాత్యులతో పోలిస్తే తక్కువ. మన దేశంలో తుంటి కీలుమార్పిడి అవసరమయ్యేవారిలో అస్థి నిర్జీవత ప్రధాన కారణాల్లో ఒకటి. రక్తం అందక ఎముక శిరస్సు చచ్చి, తరువాత కుంగి, ఆపైన కీలు అరుగుతుంది. మద్యపానం, స్టెరాయిడ్ మందులు, గాయాలు దీనికి దారితీస్తాయి. గిరిజన ప్రాంతాల్లో వీటికి కొడవలి కణ వ్యాధి తోడవుతుంది.

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరడం ఈ వ్యాధికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ పోగులు కట్టి ఎర్రకణాన్ని కొడవలి ఆకారానికి వంచుతుంది. అలాంటి కణాలు సన్ననాళాలకు అడ్డుపడతాయి. భారతదేశంలో ఈ లక్షణాన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లోనూ, అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కార్మికుల్లోనూ గుర్తించారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ మన్యంతో సహా మధ్య, దక్షిణ భారత గిరిజన ప్రాంతాలెన్నింటిలోనో ఇది ఉన్నట్లు తేలింది. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ కొడవలి కణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా దీన్ని తొలగించడం లక్ష్యాలుగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి.

తుంటికీ ఈ వ్యాధికీ గల సంబంధం లెక్కలతో నిరూపితమైంది. అమెరికాలో 2,590 మంది రోగులను పరిశీలించి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరంభంలోనే సుమారు 10 శాతం మందికి తొడ ఎముక శిరస్సు నిర్జీవత ఉంది. నొప్పి మొదలయ్యాక గమనం వేగంగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో 75 మంది వయోజనులపై 2003లో వెలువడిన పరిశీలనలో 87 శాతం మందికి ఐదేళ్ళలోపు ఎముక శిరస్సు కుంగిపోయింది.

1991 నాటి అధ్యయనంలోని మరొక ఫలితం మన్యానికి నేరుగా సంబంధించినది. కొడవలి కణ వ్యాధితో పాటు ఆల్ఫా తలసీమియా కూడా ఉన్నవారికి తుంటి నిర్జీవత ముప్పు ఎక్కువ. వినడానికి ఇది విచిత్రంగా తోస్తుంది, ఎందుకంటే ఆల్ఫా తలసీమియా కలిసినప్పుడు ఎర్రకణాల విధ్వంసం తగ్గి రక్తహీనత తేలికపడుతుంది. కాని ఎర్రకణాల పాలు పెరిగినకొద్దీ రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనం తొడ ఎముక శిరస్సులోని సన్ననాళాలకు భారమవుతుంది. ఆంధ్రప్రదేశ్ గిరిజన తెగల్లో ఆల్ఫా తలసీమియా విస్తృతంగా ఉందని 1980ల నాటి జన్యు అధ్యయనాలు చూపాయి. 1975లో కోయదొరలలో గుర్తించి, ఆ తెగ పేరే పెట్టిన 'హిమోగ్లోబిన్ కోయదొర' కూడా ఆల్ఫా గొలుసుకు సంబంధించిన మార్పే. గొలుసు ఆగవలసిన చోటి సంకేతం మారడంతో అది పొడవుగా సాగిపోతుంది.

భారతీయ గిరిజనుల్లో పిండ హిమోగ్లోబిన్ శాతం కూడా సాధారణంగా ఎక్కువ. అందువల్ల ఇక్కడి కొడవలి కణ వ్యాధి తేలిక రకమని చెబుతుంటారు. ఈ మాటలో ఒక ప్రమాదం దాగి ఉంది. రక్తహీనత అంతగా లేని, ఆసుపత్రిలో ఎన్నడూ చేరని, పొలం పనులు చేసుకునే యువకునికి మొదటి పెద్ద లక్షణం తుంటినొప్పే కావచ్చు. పాలిపోయి కనిపించడు గనుక వైద్యుడు రక్తవ్యాధిని అనుమానించడు. కీళ్ళవాతమనో, బరువులు మోసిన నొప్పి అనో మాత్రలు ఇచ్చి పంపుతాడు. ఆ మధ్యకాలంలో ఎముక శిరస్సు కుంగుతుంది.

7. ఈ నేపథ్యంలో సూచికలను చదవడం

రెండవ విభాగంలో చెప్పిన నిర్మాణ భేదాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రక్తం అందక ఎముక చచ్చినా, ద్రవంతో బ్రతికే మృదులాస్థి కొంతకాలం సజీవంగానే ఉంటుంది. ఎముక కుంగి ఉపరితలం వంకర పోయిన తరువాతనే అది దెబ్బతింటుంది. దీన్నిబట్టి నిర్జీవత తొలిదశలో మృదులాస్థి సూచికలు మామూలుగా ఉండవచ్చునని తర్కం చెబుతోంది. సీటీఎక్స్-2 సాధారణంగా ఉందని తుంటి క్షేమమని భావిస్తే, కాపాడగల దశను చేజార్చుకున్నట్లే. తొలిదశను పట్టుకునేది ఎంఆర్‌ఐ మాత్రమే. ఆ దశలో ఎక్స్‌రే కూడా మామూలుగానే కనిపించవచ్చు.

ఇక సూచిక పెరిగి ఉన్నా దాని అర్థం స్పష్టం కాదు. కొడవలి కణ వ్యాధిలో రక్తోత్పత్తి కోసం మజ్జ విస్తరిస్తుంది. అందువల్ల ఎముక సూచికలు తుంటితో నిమిత్తం లేకుండానే మారగలవు. సీఆర్‌పీ వంటి వాపు గుర్తులు నొప్పి దాడులు లేని రోజుల్లోనూ ఎక్కువగా ఉండవచ్చు. మూత్రపిండాలు మూత్రాన్ని గాఢపరచే శక్తిని చిన్నవయసులోనే కోల్పోతాయి, క్రియాటినిన్‌ను మామూలుకంటే ఎక్కువగా విసర్జిస్తాయి. కనుక క్రియాటినిన్‌తో భాగించి చెప్పే మూత్ర సూచికల హారమే నమ్మదగనిది అవుతుంది. పైగా ఈ రోగుల్లో చాలామంది యుక్తవయస్కులు. పెరుగుదల ఇంకా పూర్తికాని శరీరంలో సీటీఎక్స్-2 పెరిగితే అది వ్యాధో, ఎదుగుదలో తేల్చలేం. 55 ఏళ్ళు దాటిన డచ్చి జనాభాలో తేలిన హద్దులను పద్దెనిమిదేళ్ళ కొండదొర యువతికి వర్తింపజేయడానికి ఏ ఆధారమూ లేదు.

8. పరీక్షల క్రమం - పరిశోధనావకాశాలు

ఈ చర్చ నుండి ఆచరణకు పనికివచ్చే ఒక క్రమం ఏర్పడుతుంది. మన్యంలో నలభై ఏళ్ళలోపు వ్యక్తికి రెండు మూడు వారాలకు మించి గజ్జనొప్పి ఉంటే, లేదా తుంటిని లోపలివైపు తిప్పడం కష్టమైతే, మొదట హిమోగ్లోబిన్ రకాన్ని తెలుసుకోవాలి. ద్రావణీయత పరీక్ష గ్రామస్థాయిలోనే సాధ్యం. అందులో అనుమానం తేలితే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ ద్వారా నిర్ధారించాలి. జాతీయ కార్యక్రమంలో ఇప్పటికే పరీక్ష జరిగి ఉంటే ఆ కార్డును అడిగి చూస్తే చాలు. రెండవ మెట్టు రెండు తుంటికీళ్ళ ఎక్స్‌రే. ఈ వ్యాధి రెండువైపులా రావడం సాధారణం. ఎక్స్‌రే మామూలుగా ఉన్నా కొడవలి కణ వ్యాధి తేలినవారికి ఎంఆర్‌ఐ అవసరం. జ్వరం ఉంటే కీలుద్రవ పరీక్షను వాయిదా వేయరాదు. ఈ రోగుల ఎముకల్లో, కీళ్ళలో సాల్మొనెల్లా, స్టెఫిలోకాకస్ ఇన్ఫెక్షన్లు వచ్చే ముప్పు అధికం.

రెండు హెచ్చరికలు అవసరం. కొడవలి లక్షణాన్ని మోసే వాహకులందరికీ తుంటి చెడదు. వాహకత్వం తేలిందని అక్కడితో ఆగక క్షయ, బాల్యంలోని పెర్తెస్ వ్యాధి, పాత గాయం, మద్యం, స్టెరాయిడ్లు వంటి కారణాలను వెదకాలి. రెండవది, నొప్పి మాత్రల దీర్ఘకాల వాడకం ఈ రోగుల మూత్రపిండాలకు హానికరం.

పరిశోధకులకు ఇక్కడ విస్తృతమైన క్షేత్రం ఉంది. కొడవలి కణ వ్యాధి ఉండి తుంటి బాగున్నవారు, ఆ వ్యాధితో తుంటి నిర్జీవత ఉన్నవారు, ఏ రక్తవ్యాధీ లేకుండా తుంటి అరుగుదల ఉన్నవారు అనే మూడు వర్గాలను వయసు, లింగం సరిపోల్చి పరిశీలించాలి. ఆల్ఫా తలసీమియా జన్యుస్థితిని ప్రతి ఒక్కరిలో నమోదు చేయాలి. నమూనాలను పరగడుపున, అరగంటకు తక్కువ కాని విశ్రాంతి తరువాత, ఒకే వేళలో, నొప్పి దాడులు లేని కాలంలో సేకరించాలి. సీరాన్ని వెంటనే వేరుచేసి అతిశీతల స్థితిలో భద్రపరచాలి. మూత్ర సూచికల కంటే సీరం సూచికలకు ప్రాధాన్యమివ్వాలి. కొండప్రాంతం నుండి ప్రయోగశాలకు నమూనా చేరేలోపు శీతల శ్రేణి తెగితే ఫలితం విలువ కోల్పోతుంది. ఒక్కసారి తీసిన విలువకంటే ఏడాది వ్యవధిలో వచ్చిన మార్పు ఎక్కువ చెబుతుంది. పరీక్ష ఫలితాలను పాల్గొన్నవారికి వారి భాషలో వివరించడం, అవసరమైనవారిని చికిత్సకు పంపడం పరిశోధనలో భాగం కావాలి. రక్తం తీసుకొని ఫలితం చెప్పకుండా వెళ్ళిపోవడం పరిశోధన అనిపించుకోదు.

9. ముగింపు

సీటీఎక్స్-2, కాంప్, హయలురోనిక్ ఆమ్లం మొదలైన సూచికలు తుంటికీలు అరుగుదల గతిని జనసమూహ స్థాయిలో అంచనా వేయగలవని ఆధారాలున్నాయి. వ్యక్తిస్థాయిలో నిర్ధారణకు అవి ఇంకా చాలవు. కీలుద్రవం మరింత ప్రత్యక్ష సమాచారమిస్తుంది గాని, తుంటిలో దాన్ని పొందడం కష్టం.

సూచికలు ఎంత విచ్ఛిత్తి జరుగుతున్నదో చెబుతాయి, ఎందుకు జరుగుతున్నదో చెప్పవు. కారణం ప్రాంతాన్ని బట్టి, జనాన్ని బట్టి మారుతుంది. కొయ్యూరు మన్యంలో ఆ కారణం ఎర్రకణంలోనే ఉండవచ్చు. కాబట్టి ఇక్కడ తుంటినొప్పికి అడగవలసిన మొదటి జీవరసాయన సూచిక ఖరీదైన కొల్లాజెన్ శకలం కాదు, హిమోగ్లోబిన్. ఆ పరీక్ష స్వల్పవ్యయంతో గ్రామంలోనే జరుగుతుంది. సకాలంలో జరిగితే ఎముక శిరస్సు కుంగకముందే రోగిని గుర్తించే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే ఇరవై రెండేళ్ళ వయసులో కీలుమార్పిడి గురించి ఆలోచించవలసి వస్తుంది.